శుక్రవారం పంక్తి

మొన్న టీవీలో, వలసరాజ్యాలను ఏలి ఇంగ్లండు బాగుపడిందా నష్టపోయిందా అని నలుగురు పెద్దమనుషులు వాదించుకుంటుంటే, మా ఆవిడ ధ్వని తగ్గించి నా వైపు చూసి నవ్వింది. నాకు షార్జా అల్ నహ్దాలోని మా పాత ఇల్లు గుర్తుకొచ్చింది.

అప్పట్లో నేను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గిడ్డంగికి సూపర్‌వైజర్‌ని. మా తాతగారి నాటికే జమీ కరిగిపోయింది, నాన్నగారి నాటికి దివాణం కూడా చేతులు మారింది, అయినా పంక్తిలో నలుగురు బయటివాళ్లు లేకుండా మా ఇంటి మగవాడు ముద్ద ఎత్తకూడదన్న పట్టింపు మాత్రం నాతోపాటు విమానమెక్కింది. అందుచేత ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు రోజు గనక, మా నెల్లూరు వైపు నుంచి వచ్చి ఒంటరిగా ఉంటున్నవాళ్లు పదిమందికి పైగా మా రెండు గదుల ఇంట్లో భోంచేసేవారు. నేను పంక్తి మొదట కూర్చునేవాణ్ణి. నేను అన్నం కలిపేదాకా ఎవరూ కంచం ముట్టేవారు కాదు.

మా ఆవిడ వారమంతా చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతూ, పెళ్లితో ఆగిపోయిన ఎం.ఏ. చరిత్రను దూరవిద్యలో చదివేది. ఆ ఏడు తప్పితే ఇక గడువు లేదు. గురువారం సాయంత్రాలు ఉల్లిపాయలు తరుగుతూ నాకు పాఠం అప్పజెప్పేది. సామ్రాజ్యం దండగని ఇంగ్లండులోనే కొందరు ఆలోచనాపరులు ఏనాడో వాదించారట: లాభం గుప్పెడు వర్తకులది, సైన్యాల ఖర్చు పన్నులు కట్టే మామూలు జనానిది, ఏలుతున్నామన్న గర్వం తప్ప దేశానికి మిగిలేది లేదు, స్నేహంగా వదిలేస్తే వర్తకం ఎటూ పోదు. మా జమీని పీల్చి పిప్పి చేసిన తెల్లవాడి తెలివితక్కువకు తెల్లవాడే సాక్ష్యం చెప్పాడని నేను తెగ సంబరపడ్డాను.

“మరి మన శుక్రవారం సంగతేమిటండీ? గౌరవం మీది, పొయ్యి దగ్గర సైన్యం నేను. పరీక్షలు నెలలోకి వచ్చేశాయి,” అంది, తలెత్తకుండా.

కోపం వచ్చింది, దాని వెనకే భయమూ వేసింది. నా భయం ఖర్చు గురించి కాదు; అన్నం పెట్టకపోతే మా గడప ఎవరు తొక్కుతారన్నది. చివరికి మా ఊరివాడే, బస్సు నడిపే, నాకు తమ్ముడిలాంటి సాయిబుకు ఫోన్ చేసి, పరీక్షలయ్యేదాకా భోజనాలు లేవని ముక్తసరిగా చెప్పాను.

శుక్రవారం మాత్రం, ఎందుకో నాకే తెలియదు, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చున్నాను. నమాజు వేళ దాటాక బెల్లు మోగింది. గుమ్మంలో ఖీమా గిన్నెతో సాయిబు, వెనక మిగతావాళ్లు.

“భోజనం లేదన్నారు గానీ రావద్దనలేదు కదా దొరా! వదినమ్మను చదువుకోనీండి. యల్లా, జరగండి, ఈపొద్దు వంటిల్లు మాది.”

మా ఆవిడ పుస్తకాలతో లోపలిగది తలుపు వేసుకుంది. అన్నం అడుగంటింది, పప్పులో ఉప్పు ఎవరూ వేయలేదు. పంక్తి లేదు, చోటు దొరికిన దగ్గర కూర్చున్నారు, నా కోసం ఎవరూ ఆగలేదు. మా వంశంలో మొదటిసారిగా నేను కంచం పట్టుకుని అన్నం కోసం అతిథుల వెనక నిలబడ్డాను. పొయ్యి మీద ఇంకో కూర కలుపుతున్న కుర్రవాడు గరిటె నా వైపు చాపి, “ఉప్పు చూడన్నా,” అన్నాడు. ఆ చనువు నాకు నచ్చిందని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

మా ఆవిడ ఆ ఏడే గట్టెక్కింది. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా శుక్రవారాలు అలాగే గడిచాయి. ఇప్పుడు మా ఇంటికొచ్చేవారు ముందే ఫోన్ చేస్తారు, భోంచేసే వచ్చామంటారు, అరగంటలో లేస్తారు. వారిని అనడానికేముంది, నేనూ అలాగే వెళుతున్నాను. ఎంత బతిమాలినా మా వంటింట్లోకి అడుగుపెట్టే అతిథి ఇప్పుడు ఒక్కరూ లేరు.