రుమాలు లేని తల

నా చిన్నప్పుడు మా జేజినాయన, అంటే నాయనకు నాయన, తలకు రుమాలు చుట్టకుండా గడప దాటడం నేను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారికీ కారణం నేనే.

బెళుగుప్ప పక్కన మా ఊళ్లో రుమాలంటే జేబుగుడ్డ కాదు, తలపాగా. పామిడిలో కొన్న తెల్ల నూలుగుడ్డ, పది మూరలు, ఏడు చుట్లు. రోజూ లెక్కపెట్టేవాణ్ణి. ఎండకు గొడుగు, శెనక్కాయలకు మూట, చేద తాడు చాలకపోతే తాడు. ముత్తాత పోయినప్పుడు, పెద్దకర్మ నాడు బంధువుల ముందు జేజినాయనకు రుమాలు చుట్టి ఇంటిపెద్దను చేశారట. కర్మ అయ్యేదాకా ఆయన ఉత్త తలతోనే ఉన్నాడు. అందుకే ఆ వయసు మగమనిషి రుమాలు లేకుండా వీధిలోకి వచ్చాడంటే ఇంట్లో చావు జరిగిందని అర్థం. ఇది నాకప్పుడు తెలియదు.

ఐదో తరగతిలో, టౌన్ బడిలో, లెక్కల్లో నాకు బహుమతి వచ్చింది. చూడటానికి జేజినాయన వస్తానన్నాడు.

"రుమాలు వద్దు జేజినాయనా, పిల్లోళ్లు నగుతారు."

"సరేలేప్పా" అని విప్పి, మడిచి, దండెం మీద వేశాడు.

బస్సు ఆగేచోట ఆయన స్నేహితుడు మమ్మల్ని చూసి బీడీ పారేసి వచ్చాడు.

"ఏమప్పా, ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదు."

"మరి రుమాలు యాడ?"

"తల ఉడుకుతాండాది. తీసినా."

"ఎండకే కదన్నా చుట్టేది! మతి యాడన్నా పారేసుకున్యావా?"

పక్కన అరుగు మీదివాళ్లంతా నవ్వారు. జేజినాయన కూడా నవ్వాడు. బస్సు వచ్చేలోపు ఇంకో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ అదే అబద్ధం. నేను ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. 'నేనే తీయమన్నా' అంటే సరిపోయేది. అనకుండా బస్సు వచ్చే దిక్కు చూశాను.

బడిలో వెనక వరుసలో కూర్చుని మాటిమాటికీ తల తడుముకున్నాడు. పిల్లలెవరూ ఆయనను చూడనే లేదు. సాయంత్రం సంగతి తెలిసి మా జేజి, అంటే నాయనమ్మ, "బతికుండంగనే ఇంటికి సావు తెచ్చినావు" అని ఆయనను తిట్టింది. ఆమెకూ ఆయన నా పేరు చెప్పలేదు.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా ఆయన పోయాడు. అప్పటిదాకా ప్రతి సెలవుల్లోనూ ఆ రోజు సంగతి ఆయనతో చెబుదామనుకునే ఇంటికి వెళ్లేవాణ్ణి.

ఇప్పుడు సైట్‌లో నా కొలత తప్పితే ఎవరో ఒకరు నాకోసం సర్దిచెప్పబోతారు. వాళ్ల మాట పూర్తికాకముందే 'తప్పు నాది' అనేస్తాను. నిజాయితీ అంటారు అక్కడివాళ్లు. ఇన్నేళ్లలో ఆ మాట చాలామందికి చెప్పాను. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.