స్టోరు రూములో లక్ష్మీదేవి

ఆ రోజుల్లో లోకాన్ని మార్చడం నాకు చాలా తేలికైన పనిగా కనిపించేది. చేతికి అప్పుడే వచ్చిన బి.ఇడి., గంజి పెట్టిన కాటన్ చీర, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పొద్దుటి రైల్లో కిటికీ పక్క సీటు. ఇంకేం కావాలి? రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి సైన్సు చెప్పే ఉద్యోగం దొరికింది. దసరా దాకా చూసి, నచ్చితే ఉంచుతామన్నారు కరస్పాండెంటు గారు. నచ్చకపోతే ఏమవుతుందో మా నాన్న ముందే తేల్చేశారు. బాపట్లలో మా మేనత్త నడిపే కుట్టు సెంటర్లో చేరాలి. ఆవిడ నాకోసం ఒక మిషను ఖాళీగా ఉంచిందని కబురు కూడా వచ్చింది. (సూదికి దారం ఎక్కించమంటే వేలికి గుచ్చుకునే రకాన్ని నేను.) కాబట్టి ఆ ఉద్యోగం నిలవడం నాకే కాదు, బాపట్ల ఆడవాళ్ల జాకెట్లకు కూడా చాలా అవసరం.

విద్యుత్ పొదుపు గురించి పాఠ్యపుస్తకంలో ఉన్నది అరపేజీ. నేను దాన్ని వారమంతా చెప్పాను. "మనిషి లేని గదిలో లైటు వెలగడమంటే, ఎవరూ కూర్చోని విస్తట్లో అన్నం వడ్డించడమే!" అని బల్ల చరిచాను. మామూలు బల్బు దగ్గర చెయ్యి పెట్టించి, ఆ వేడంతా వృథాగా పోయే కరెంటేనని, మెలితిప్పిన సన్న గొట్టాల కొత్త బల్బు తక్కువ కరెంటుతో అంతే వెలుగిస్తుందని చూపించాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నేను పొంగిపోయాను. ఏడో తరగతి పిల్లలు అంత శ్రద్ధగా వింటున్నారంటే ఎక్కడో ఎవరి కొంపో మునగబోతోందని, అనుభవం ఉన్న టీచర్లకైతే తెలిసేది.

ఫ్రిజ్ తలుపు ఊరికే తీయకూడదన్నానని ఒకడు దాని చుట్టూ నవారు బిగించాడు. ఇంకొకడు, గడ్డం గీసుకుంటున్న తండ్రి తువ్వాలు కోసం పక్కకెళ్లగానే లైటు కట్టేశాడు. ఆయన సగం గడ్డంతోనే స్కూలుకు వచ్చి నన్ను చూసి వెళ్లాడు. వీళ్లందరినీ మించింది కరస్పాండెంటు గారి అమ్మాయి. రెండు జడలు, నడుం మీద చేతులు. స్టాఫ్ రూములో మేము దాన్ని 'ఇన్స్పెక్టరు' అనుకునేవాళ్లం. వాళ్ల మేడ స్కూలు వెనకే. ఆ మేడకు, స్కూలుకు కూడా అసలు అధికారి కరస్పాండెంటు గారి తల్లి, మామ్మ గారు. ఏ టీచరు ఉండాలో ఎవరు పోవాలో ఆవిడ నోటిమాటే.

దీపాలు పెట్టేవేళ ఇంట్లో ఏ గదీ చీకటిగా ఉండకూడదని మామ్మ గారి నియమం. లక్ష్మీదేవి ఇంట్లోకి వచ్చే సమయం కదా! గది గదికీ వెళ్లి లైటు వేసి, దానికి దణ్ణం పెట్టి, తరవాతి గదికి వెళ్లేవారు. మా ఇన్స్పెక్టరు వెనకాలే వెళ్లి, మామ్మ దాటిన ప్రతి గదిలోనూ లైటు కట్టేసుకుంటూ వచ్చింది. ఆఖరి గదిలో దణ్ణం పెట్టుకుని ఆవిడ వెనక్కి తిరిగేసరికి ఇల్లంతా చీకటి. (ముందు తన చూపే పోయిందనుకున్నారట.)

మర్నాడు స్టడీ అవర్ కాగానే నాకు మేడ మీదికి పిలుపు వచ్చింది. అప్పటికే మసకపడుతోంది. మామ్మ గారు హాల్లో కుర్చీలో కూర్చున్నారు. పక్కన కొడుకు, మనవరాలు.

"ఏవమ్మా పంతులమ్మా, అసురసంధ్యవేళ ఇల్లు చీకటి చెయ్యమని చెప్పావంటగా?"

"అయ్యో, కాదండి మామ్మ గారూ. ఎవరూ లేని గదుల్లోనే కట్టెయ్యమన్నానండి."

"ఎవరూ లేరని నీకెవరు చెప్పారు? అమ్మవారు వచ్చే వేళైతేను!"

ఇన్స్పెక్టరుకు అనుమానం వచ్చింది. "స్టోరు రూములోకి కూడా వస్తుందా మామ్మా?"

"బియ్యం బస్తాలున్నది అక్కడేగా! ముందు అక్కడికే వస్తుంది."

"మరి బాత్రూములోకో?"

కరస్పాండెంటు గారు గబుక్కున కిటికీ వైపు తిరిగారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. మామ్మ గారు మాత్రం నవ్వలేదు. "చూశావురా అబ్బాయ్, పిల్లకి ఏం నేర్పిందో! రేపట్నుంచి ఇంకో టీచర్ని చూసుకో" అన్నారు. నా కళ్ల ముందు బాపట్లలో ఆ ఖాళీ మిషను గిర్రున తిరిగింది.

అంతలో కరెంటు పోయింది.

"నేను కట్టలేదు!" అని అరిచింది ఇన్స్పెక్టరు.

ఆ చీకట్లో నేను నా వాదన సిద్ధం చేసుకున్నాను. వాట్లు, యూనిట్లు, బొగ్గు, రేపటి తరాలు, అన్నీ వరసగా పేర్చుకున్నాను. వెలుగు రాగానే మామ్మ గారి కళ్లలోకి సూటిగా చూసి చెప్పేయాలి. ఇది తప్పితే నాకు వేరే దారి లేదు. కరెంటు వచ్చింది. ట్యూబులైటు టపటపా కొట్టుకుని వెలిగింది. నేను నోరు తెరిచాను, కానీ అంతకన్నా ముందే నా రెండు చేతులూ వాటంతటవే జోడించుకుని, ట్యూబులైటుకు దణ్ణం పెట్టి, కళ్లకద్దుకున్నాయి. చిన్నప్పుడు మా అమ్మ వీపు మీద చరిచి నేర్పిన అలవాటది. బి.ఇడి. దాన్ని అంగుళం కూడా కదిలించలేకపోయింది.

చూస్తే ఇన్స్పెక్టరుతో సహా అందరి చేతులూ జోడించే ఉన్నాయి. మామ్మ గారు నన్నే చూస్తున్నారు.

"ఏ ఊరే మీది?"

"తెనాలండి."

"మీ అమ్మెవరో బాగా పెంచింది. ఒరే అబ్బాయ్, ఉండనీరా ఈ పిల్లని." తరవాత మనవరాలి వైపు తిరిగారు. "నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేదాకా ఏ లైటూ ముట్టుకోకు. ఆ తరవాత నీ ఇష్టం, కట్టేసుకో."

"అయితే స్టోరు రూములో టీచర్ గారు చెప్పిన కొత్త బల్బు పెట్టిద్దాం మామ్మా. వేడెక్కదు."

మామ్మ గారు స్టోరు రూము వైపు చూశారు. "పెట్టించు. అమ్మవారికి వెలుగు కావాలి గానీ వేడెందుకు!"

వారమంతా నేను చెప్పిన పాఠాన్ని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ పూట రైల్లో తెనాలి దాకా నాలో నేనే నవ్వుకున్నాను, కాస్త కన్నీళ్లు కూడా పెట్టుకున్నాను. మేనత్త మిషను ఖాళీగానే ఉండిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో, మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే ఆరిపోయే లైట్లున్నాయి. నేనే పట్టుబట్టి పెట్టించాను. దీపాలవేళ గదిలో అడుగుపెడతాను, వెలుగుతుంది. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాను. మామ్మ గారు గుర్తొచ్చి కాస్త ఎక్కువసేపే నిలబడిపోతాను. ఆ గదిలో ఎవరూ లేరనుకుని లైటు ఆరిపోతుంది. మా అమ్మాయి సోఫాలో పడి నవ్వుతుంది. మనిషి లేని గదిలో లైటెందుకని ఊరంతటికీ చెప్పిన దాన్ని, చీకట్లో చెయ్యి పైకెత్తి, "నేనున్నానే తల్లీ" అని ఊపుతాను.