లాభం బెడ్డు, తొమ్మిదో నంబరు

2023 నుంచి మిర్యాలగూడలోని ఒక డయాలసిస్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఆరు మెషీన్లు, ఆరు బెడ్లు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఏడింటికి మొదటి బ్యాచ్ ఎక్కుతుంది. కిడ్నీలు మానేసిన పనిని మెషీన్ చేస్తుంది. ఒంట్లోని రక్తం గొట్టాల్లోంచి బయటికొచ్చి, శుభ్రమై, మళ్లీ లోపలికి పోతుంది. దానికి నాలుగు గంటలు పడుతుంది. చేతికి సూదులు గుచ్చడం నేను డిప్లొమాలో నేర్చుకున్నాను గానీ, ఆ నాలుగు గంటలూ మనుషుల్ని విసుగు పుట్టకుండా ఎలా ఉంచాలో అక్కడెవరూ చెప్పలేదు. ఆ పని మా టీవీ చేసిపెట్టింది, అదీ రిమోట్ చెడిపోయాక.

ఒకరోజు టీవీ రిమోట్ నా చేతిలోంచి జారి బ్లీచింగ్ నీళ్ల బకెట్లో పడింది. తీసి, తుడిచి, ఎండబెట్టినా లేవలేదు. అప్పటికి ఏ స్పోర్ట్స్ ఛానెల్ ఉందో అదే ఉండిపోయింది. పొద్దున పూట అందులో విదేశీ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు మళ్లీ వేసేవాళ్లు. మొదటి వారం అందరూ సీరియల్ పోయిందని నన్ను తిట్టుకున్నారు. రెండో వారం "ఆ బంతిని చేతితో ఎందుకు పట్టుకోరు" అని అడిగారు. నెల తిరిగేసరికి, బంతిని ఒక్కసారీ తన్ని ఎరగని వేములపల్లి, హుజూర్‌నగర్ మనుషులు ఆ దేశం కోచ్‌లకు బుద్ధులు చెప్పడం మొదలుపెట్టారు. గట్టు మీద కూర్చుని చెప్పడానికేం, ఎన్నయినా చెప్పొచ్చు.

అందరికంటే గొంతు పెద్దది మల్లయ్య తాతది. అరవై మూడేళ్లు. ముప్పై ఏళ్లు మార్కెట్ యార్డులో దడ్వాయిగా చేశాడు. రైతు తెచ్చిన ధాన్యాన్ని కాంటా మీద తూచే మనిషిని దడ్వాయి అంటారు. తూచేటప్పుడు మొదటి బస్తాను 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. తర్వాతే రెండు, మూడు. తాతది ఒకటో నంబరు బెడ్డు. దాన్ని ఏనాడూ ఒకటి అనలేదు. "నా లాభం బెడ్డు తుడిచినవా బిడ్డా?" అనుకుంటూనే లోపలికి వచ్చేవాడు.

పక్క బెడ్డు కిరణ్ సారుది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. కోదాడ సెంటర్లో బెడ్డు దొరక్క తెల్లవారుజామున మొదటి బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా మా దగ్గరికి వచ్చేవాడు. ఫుట్‌బాల్ గురించి ముందే తెలిసినవాడు ఆ గదిలో ఆయనొక్కడే. ఫోన్లో ప్రతి ఆటగాడి లెక్కలూ ఉండేవి.

ఆ ఏడాది గొడవంతా నీలం జెర్సీ టీమ్‌లోని తొమ్మిదో నంబరు గురించే. ముప్పై ఐదేళ్ల ఆటగాడు. కోచ్ అతన్ని మొదటి పదకొండు మందిలోంచి తీసి బెంచి మీద కూర్చోబెట్టి, ఒక కుర్రాణ్ణి ఆడించడం మొదలుపెట్టాడు.

"గోల్ కొట్టెటోన్ని కూసోబెట్టి ఉరికెటోన్ని ఆడిపిస్తుండు. గీ కోచ్‌కు తలకాయ ఉన్నదా?" అన్నాడు మల్లయ్య తాత.

"ఆయన మునుపటంత పరిగెత్తట్లేదండీ పెద్దాయనా. ఇదిగో, లెక్క చూడండి" అన్నాడు కిరణ్ సారు.

"ఉరుకుడే లెక్కయితే మా వాడకట్టు కుక్కను ఆడిపియ్యమను. పొద్దందాక ఉరుకుతది."

గదంతా నవ్వింది. సారు మాత్రం వదల్లేదు. "ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అని ఒక లెక్క ఉందండీ. ఫలానా చోటు నుంచి వందమంది కొడితే ఎంతమంది గోల్ వేస్తారు అనేది చూసి కడతారు. తొమ్మిదో నంబరు ఇప్పుడు అసలు మంచి చోటుకే చేరట్లేదు. నంబర్లు బాలేకపోతే ఎంతటోడైనా బెంచి మీద కూర్చోవాల్సిందే కదండీ."

"రాశిల చెయ్యి వెట్టి, గింజ నోట్లేసుకొని కొరికి, తేమ ఎంతున్నదో చెప్తుంటి నేను. గా తేమ మిషన్ వచ్చినంక నన్నెవ్వలు అడగలే. ఆట కండ్లతోని సూడాలె సారూ" అన్నాడు తాత.

నాకు ఆ వాదన ఎంత వినోదంగా ఉండేదో చెప్పలేను. గొట్టాలు సర్దుతూ నేనూ ఒక మాట కలిపేదాన్ని. నా నోరు ఊరుకోదని మా అమ్మ అంటుంది. అదే నా కొంప ముంచింది.

మా పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది డ్రై వెయిట్. ఒంట్లో అదనపు నీరు లేకుండా మనిషి ఉండాల్సిన బరువు అది. "తేమ తీసేసిన తూకం అన్నట్టు" అని తాత మొదటిరోజే పట్టేశాడు. మా పేషెంట్లకు మూత్రం సరిగా రాదు కాబట్టి తాగిన నీళ్లు ఒంట్లోనే నిలుస్తాయి. వచ్చినప్పుడు బరువు చూసి, డ్రై వెయిట్ కంటే ఎంత ఎక్కువుందో అంత నీరు మెషీన్‌తో లాగుతాం. కాంటా తప్పు చెప్తే నీరు లోపలే ఉండిపోతుంది. అది ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది.

ఒక బుధవారం తాత మూడున్నర కిలోలు ఎక్కువొచ్చాడు. అప్పుడే తొమ్మిదో నంబరు గురించి వాదన జరుగుతోంది. నేను ఊరుకోకుండా, "తాతా, గిట్లనే నీళ్లు మోసుకొస్తే నిన్ను గూడ బెంచి మీద కూసోబెడ్త. నీ లాభం బెడ్డు కోసం బయట పదిమంది ఎదురుసూస్తున్నరు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. తాతా నవ్వాడు. మధ్యాహ్నం బ్యాచ్ ఎక్కేసరికి నేనా మాట మర్చిపోయాను.

శుక్రవారం తాత బరువు కిలో ఎనిమిది వందలే పెరిగింది. సోమవారం కిలో తొమ్మిది వందలు. "శభాష్ తాతా" అన్నాను. రెండు నెలలు అలాగే నడిచింది. ఆయన్ను చూసి నేర్చుకోండని మిగతావాళ్లకు చెప్పేదాన్ని కూడా.

కానీ ఆయన బీపీ పెరుగుతూ పోయింది. సూర్యాపేట నుంచి వారానికి రెండుసార్లు వచ్చే డాక్టర్ గారు మాత్రలు పెంచారు. బరువులు చూస్తే బాగానే ఉన్నాయి, కారణం తెలియక ఛాతీ ఎక్స్‌రే తీయించమని రాశారు. తాత ఇవాళ, రేపు అంటూ దాటేశాడు. ఆయన భార్య సైదమ్మ ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది. "మంచంల పండుకుంటే ఊపిరాడుతలేదంటడమ్మా. గోడకు ఒరిగి కూసుంటుండు" అంది.

ఆ వారమే కిరణ్ సారు నన్ను పిలిచి ఫోన్ చూపించాడు. బోర్డు మీద నేను రాసే ఆరుగురి బరువులనూ ఆయన రోజూ ఎక్కించుకుని గీతలు గీసుకుంటున్నాడు. ఫుట్‌బాల్ పిచ్చి అంతదాకా పోయింది.

"ఏమనుకోకండి సిస్టర్ గారూ. పెద్దాయన నంబర్లు మరీ బాగున్నాయి" అన్నాడు.

"బాగుంటే మంచిదే కద సార్?"

"నాది చూడండి. పెళ్లికెళ్లొస్తే మూడు కిలోలు, జ్వరమొస్తే కిలో. అందరివీ ఇలాగే ఎగుడుదిగుడు. ఆయనదొక్కటే గీత గీసినట్టుంది. ప్రతి మ్యాచ్‌లో ఒకే స్కోరు వస్తుంటే ఆటని కాదండీ, స్కోరు రాసేవాణ్ణి చూడాలి."

స్కోరు రాసేది నేనే కాబట్టి నాకు చురుక్కుమంది. మొహం ముడుచుకుని వెళ్లిపోయాను. పైగా ఆయన బెడ్డుకి దుప్పటి కూడా కాస్త ఆలస్యంగానే ఇచ్చాను, నిజం చెప్పాలిగా.

తర్వాతి సోమవారం తాత ఆటోలోంచి దిగలేకపోయాడు. ముందుకు వంగి కూర్చుని, ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. చక్రాల కుర్చీ తెస్తానంటే వద్దని, సైదమ్మను పట్టుకుని నేరుగా కిటికీ పక్కనున్న కాంటా ఎక్కాడు. కిలో తొమ్మిది వందలు ఎక్కువ. నేను కిందికి చూశాను. పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు పడ్డచోట గుంటలు పడి ఉన్నాయి. ఇంత వాపుకి ఆ అంకె ఎలా సరిపోతుంది? అప్పుడు పైకి చూశాను. తాత కుడిచెయ్యి కిటికీ ఊచ మీద ఉంది. పడిపోకుండా పట్టుకున్నాడనుకునేదాన్ని ఇన్నాళ్లూ. వేళ్లు పట్టుకోవడం లేదు, ఒంటి బరువు కొంత మోస్తున్నాయి.

కాంటాను లాక్కొచ్చి గది నడుమ పెట్టాను.

"గాడ... నేల గట్టిగ లేదు బిడ్డా. తూకం తప్పొస్తది" అన్నాడు ఆయాసపడుతూ.

"తప్పొస్తే రానీ తాతా. ఎక్కు."

అయిదు కిలోల రెండు వందలు ఎక్కువ వచ్చింది.

ఆక్సిజన్ పెట్టి, డాక్టర్ గారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు మెషీన్ మొదలుపెట్టాను. అంత నీటినీ ఒక్కసారి లాగితే బీపీ పడిపోయి గుండె మీదికొస్తుంది. వచ్చినంత లాగి, మిగిలింది మర్నాడు మళ్లీ ఎక్కించి తీయాలని నిర్ణయించారు. మొదటి గంట ఆ బెడ్డు దగ్గర్నుంచి నేను కదల్లేదు. ఆ రోజు స్కోరెంతని ఎవరూ అడగలేదు.

రెండో గంట గడిచాక ఊపిరి కుదుటపడింది. తాత కళ్లు తెరిచి, "ఎట్ల పట్టినవ్ బిడ్డా?" అన్నాడు. ముప్పై ఏళ్లు కాంటాల మోసాలు పట్టిన మనిషి, తనను ఎలా పట్టానో తెలుసుకోవాలని ఆరాటం!

"గది తర్వాత చెప్త. ఎందుకు చేసినవ్ తాతా? సచ్చిపోతుంటివి తెలుసా?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. "నువ్వే అన్నవ్ గద, బెంచి మీద కూసోబెడ్త అని. బయట పదిమంది ఉన్నరని."

"నవ్వులాటకు అన్న తాతా! నువ్వు గూడ నవ్వితివి గద!"

"నవ్విన. యార్డుల గూడ మొదలు నవ్వుకుంటనే చెప్పిన్రు, కరెంటు కాంటాలొస్తున్నయ్ మల్లయ్యా, ఇగ నువ్వు ఇంట్ల కూసో అని. మల్లొచ్చే సీజన్‌కు నిజంగనే కూసోబెట్టిన్రు. గీ బెడ్డు పోతే నేనేడికి పోవాలె బిడ్డా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. నేను విసిరిన ఒక సరదా మాటను ఈయన రెండు నెలలు ఆ వేళ్ల మీద మోశాడు. పక్క బెడ్డులో కిరణ్ సారు, "పెద్దాయనా, నేను ఆటగాడి గురించి అన్నానండీ, మీ గురించి కాదు" అన్నాడు.

"ఇగో సూడు తాతా" అన్నాను కళ్లు తుడుచుకుని. "గీడ నంబర్ మంచిగ లేకుంటే ఎవ్వలను తీసెయ్యరు. ఇంకో గంట ఎక్కువ ఆడిపిస్తరు, అంతే."

తాత ఒక్క క్షణం ఆలోచించాడు. "ఎక్స్‌ట్రా టైమా?" అన్నాడు.

ఆక్సిజన్ మాస్కులోంచి వచ్చిన ఆ మాటకు ఆరు బెడ్లూ ఒక్కసారిగా నవ్వాయి. నవ్వుకు గొట్టం కదిలి మోగిన మెషీన్ అలారాన్ని నేను నవ్వుతూనే ఆపాను.

రెండు వారాల తర్వాత తొమ్మిదో నంబరును కోచ్ చివర్లో దింపాడు. గోల్ ముందు ఎవరూ లేరు, బంతి కాళ్ల దగ్గరికొచ్చింది. ఆకాశంలోకి కొట్టాడు. గదంతా తాత వంక చూసింది.

"సారూ, గా చోటు నుంచి నీ లెక్క ఎంత?" అని అడిగాడు తాత.

"అక్కడ్నుంచి దాదాపు అందరూ వేస్తారండీ."

"సూసినవా మరి? మంచి చోటుకు చేరిండు గద!"

కిరణ్ సారు ఫోన్ పక్కన పెట్టేశాడు.

ఆ తర్వాత నా పని తీరు మారింది. కాంటా గది నడుమనే ఉంటుంది. అంకె చూసే ముందు పాదాలు చూస్తాను. అంకె అతిగా బాగుంటే సంతోషపడే ముందు ఒకసారి అనుమానపడతాను, అది కిరణ్ సారు చలవ. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రాణం మెషీన్ మీద పెట్టుకున్న మనిషి ముందు బెడ్డు ఉంటుందా పోతుందా అన్నదాని మీద జోకులెయ్యను. నాకు అది మాట మాత్రమే. వాళ్లకది తీర్పు.

నేను రిమోట్ కొననే లేదు. తాత ఇప్పటికీ వస్తున్నాడు. కోలుకున్నాక మొదటి బుధవారం కాంటా ఎక్కిన తీరు నాకు బాగా గుర్తుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. మ్యాచ్ ముందు వరుసలో నిలబడే ఆటగాడిలా ఛాతీ విరుచుకున్నాడు. కిందికి చూసి, యార్డులో అరిచినట్టు పెరిగిన తూకం తనే అరిచాడు.

"మూడూ మీద రెండు నూర్లు! రాసుకో బిడ్డా!"

రాశాను. కాంటా దిగకుండా నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. "మరి ఆడిపిస్తవా? మొదటి పదకొండు మందిల నా నంబరెంత?"

"పదకొండు మంది ఏడున్నరు తాతా, మనకున్నయే ఆరు బెడ్లు" అన్నాను. "అండ్ల నీది లాభం."