వెనక నిలబడ్డవాడు

సరుగుళ్ళపేటలో దాలమ్మ ఎండుచేపలు ఆరబోసే చోటికి మిట్టమధ్యాహ్నం వేళ ఎవరూ వెళ్ళరు. భోగాపురం దాటి ఉత్తరంగా పోతే సముద్రానికి ఆనుకుని ఉన్న జాలర్ల పేట అది. ఇళ్ళకీ నీళ్ళకీ మధ్య ఎత్తయిన ఇసుక దిబ్బ, దిబ్బ మీద సరుగుడు తోట, తోట చివర కిరస్తానీల సమాధులు. ఆ సమాధుల పక్కనే ఆమె పాత వలలు పరిచి నెత్తళ్ళు ఎండబెడుతుంది. సరుగుడు చెట్లు ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటాయి. ఎప్పుడైనా గాలి పూర్తిగా ఆగిపోయి, చెట్లు నోరు మూసుకుంటే, దాలమ్మ చేతిలో పని వదిలేసి మెడ బిగించుకుని నిలబడిపోతుంది. వెనక్కి మాత్రం తిరగదు. కాసేపయ్యాక, "తండ్రొచ్చేడు" అంటుంది.

ఆ మాట చెవిన పడిన రోజున పేటలో మగవాళ్ళు పడవలు దింపరు. పేటంతా కలిపి కిరస్తానీ ఇళ్ళు నాలుగో అయిదో. మిగతా అందరూ అమ్మవారికి మొక్కేవాళ్ళే. అయినా దాలమ్మ మాటకి భయపడతారు.

ఆమె పుట్టిందీ, మేనబావ కూర్మయ్యని పెళ్ళాడిందీ ఆ పేటలోనే. కొడుకు పుట్టినప్పుడు నెత్తురు ఆగక చావబోతే, పాస్టరు ఆశీర్వాదం గారు ఎవరినో జీపు కోసం బతిమాలి విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళి, వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని తెల్లవార్లూ ప్రార్థన చేశాడు. ఆమె బతికింది. ఆ ఏడే మొగుడూ పెళ్ళాలు ఏరు సముద్రంలో కలిసేచోట బాప్తిస్మం తీసుకున్నారు. పాస్టరు ఆమెకి కరుణ అని పేరు పెట్టాడు. ఆయన తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. కొడుకుకి ఏలియా అని పేరు పెట్టుకున్నారు.

ఏలియా బడికి వెళ్ళే వయసులో మెదడువాపు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి బయల్దేరుతుంటే దాలమ్మ తల్లి వచ్చి, అమ్మవారి గుడి దగ్గర తెచ్చిన పసుపు దారం పిల్లవాడి మణికట్టుకి కట్టింది. దాలమ్మ చూసింది. విప్పమని అనలేకపోయింది. పిల్లవాడు ఆ దారంతోనే పోయాడు.

సమాధి దగ్గర పాస్టరు దారాన్ని చూశాడు. "దేవుడు రోషం గలవాడమ్మా" అన్నాడు. "రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఊరుకోడు."

ఆయన కటువుగా అనలేదు. కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు. అందువల్లే ఆ మాట మరీ లోతుకి దిగింది.

అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే తోటలో కూర్చుంది. ఉన్నట్టుండి గాలి ఆగింది. ఇసుకలో అడుగు దిగిన చప్పుడు వినిపించింది, తన వీపు వెనకే. మెడ మీద ఊపిరి తగిలింది. వాన పడబోయే ముందు మట్టి దగ్గర వచ్చే చల్లదనం లాంటిది. ఎండ వెనకనుంచి కొడుతోంది. తన నీడ ముందు పడి ఉంది. పక్కన ఇంకో నీడ లేదు. ఎవరో ఆమె ఎందాకా ఓర్చుకుంటుందో చూస్తున్నట్టు నిలబడి, ఎంతసేపటికో వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆ రాక మానలేదు. కూర్మయ్య పడవ అలకి బోల్తాపడి కాలు విరిగిన రోజు ముందుగా ఆ ఊపిరి వచ్చింది. తుఫాను తోటలో సగం చెట్లని నేలకి వంచేసే ముందూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది. దాలమ్మకి అర్థమైంది ఒక్కటే. పాస్టరు చెప్పిన ఆ రోషం గల తండ్రి కొట్టడానికి వస్తాడు. కొట్టే ముందు వెనక నిలబడతాడు.

ఇక ఆమె బతుకంతా ఆయనకి దొరక్కుండా ఉండటమే అయింది. అమ్మవారి ఊరేగింపు వస్తుంటే తలుపు మూసుకునేది. పక్కింటి గురమ్మ చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరూ ఒకే బస్సులో చేపల తట్టలు వేసుకుని సంతలకి తిరిగినవాళ్ళు. గురమ్మ అరసవల్లి గుడికి వెళ్ళొచ్చి ప్రసాదం పెట్టబోతే దాలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. గురమ్మ ప్రసాదం వెనక్కి తీసుకెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో దాలమ్మ మంచినీళ్ళు కూడా తాగలేదు.

తర్వాత పుట్టిన కూతురు రాణి పెద్దదై, భోగాపురంలో బట్టల కొట్టులో పనిచేస్తోంది. ఒకసారి అది అడిగేసింది.

"అమ్మా, నీకు దేవుడంటే ఇష్టమా, బయమా?"

"తండ్రన్నాక బయముండాల."

"మరి నాన్నంటే నాకు బయం లేదు కదే."

దాలమ్మ దాని నోరు మూసింది. ఆ పిల్ల అన్న మాట కూడా ఆయన విన్నాడేమోనని ఆ వారమంతా వణుకుతూ తిరిగింది.

మొన్న కార్తీకంలో ముసురు పట్టి వెలిసింది. ఆ ఉదయం లేచేసరికి సముద్రం లేదు. నిన్నటిదాకా నీళ్ళున్న చోట నల్లటి బురద, రాళ్ళు, ఎప్పుడో సముద్రంలో కలిసిపోయిన పాత పేట బావి వరలు కనిపిస్తున్నాయి. నీళ్ళు ఎక్కడో దూరంగా సన్నటి గీతలా ఉన్నాయి. అల చప్పుడు లేదు. పుట్టినప్పటినుంచి చెవిలో ఉన్న చప్పుడు ఆగిపోతే మనిషికి తల తిరిగినట్టుంటుంది. ముసలివాళ్ళు గుమ్మాల్లోనే కూర్చుండిపోయారు. తక్కినవాళ్ళు మడుగుల్లో కొట్టుకుంటున్న చేపల కోసం తట్టలు పట్టుకుని దిగారు. మెరక ఊరి రైతు నారాయణమూర్తి, ఆయన భార్య ఈశ్వరి కూడా బండి మీద వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని బావి వరల దాకా నడిచారు. రాణి ఫోనులో ఫోటోలు తీసుకుంటోంది. గురమ్మ మొగుడు ఎర్రన్న అందరికంటే ముందుకెళ్ళి, బురదలో సగం కూరుకుపోయిన పాత లంగరు ఒకటి పీకుతున్నాడు.

దాలమ్మ దిబ్బ మీద, కొడుకు సమాధి పక్కన నిలబడి చూస్తోంది. గాలి ఆగింది. అడుగు దిగిన చప్పుడు. ఈసారి ఊపిరి మెడ దగ్గర ఆగలేదు. రెండు భుజాల మధ్య ఒక అరచేయి ఆనింది. పెద్దది, చల్లనిది. ఇన్నేళ్ళలో ఆయన ఆమెని ముట్టుకోవడం అదే మొదలు. ఆ చెయ్యి ఒక్క తోపు తోసింది.

ఆమె దిబ్బ మీదనుంచి దొర్లి కింద ఇసుకలో పడింది. లేచేసరికి నోట్లోంచి అరుపు తనంతట తనే వచ్చింది.

"తండ్రొచ్చేడు! తండ్రొచ్చేడ్రా! వొచ్చీయండి!"

పేటవాళ్ళు తట్టలు పారేసి పరిగెత్తారు. వాళ్ళ పరుగు చూసి నారాయణమూర్తి పెళ్ళాం చెయ్యి పట్టుకుని పరిగెత్తాడు. రాణి కదల్లేదు.

"ఊరుకోయే అమ్మా, అందరూ నవ్వుతారు."

దాలమ్మ బురదలో పడుతూ లేస్తూ వెళ్ళి కూతురి జుట్టు పట్టుకుంది. అది ఏడ్చింది, తిట్టింది, చేతిని కొరికింది. దాలమ్మ వదల్లేదు, ఈడ్చుకొచ్చింది. వెనకనుంచి ఎర్రన్న నవ్వు వినిపించింది. "దాలీ, మీ తండ్రినొచ్చి లంగరుకో సెయ్యెయ్యమను!"

నీళ్ళు చప్పుడు చెయ్యకుండా వచ్చాయి. దిబ్బ ఎక్కి వెనక్కి చూసిన వాళ్ళకి ముందు బావి వరలు మాయమయ్యాయి, తర్వాత లంగరు, తర్వాత ఎర్రన్న. అన్నిటి చివరా, మాట మర్చిపోయి గుర్తొచ్చినట్టు, ఆ ఘోష వినిపించింది.

మధ్యాహ్నానికి నీళ్ళు తగ్గాయి. సగం దిబ్బని సముద్రం కోసేసింది. సరుగుడు వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. ఆ వేళ్ళ మధ్య ఏలియా శవపెట్టె బయటికి వచ్చి ఉంది. చుట్టూ ఇసుక తడిసి కారుతోంది. పెట్టె మాత్రం పొడిగా ఉంది.

ఎర్రన్న దొరకలేదు. పడవలు వేసుకుని వెతికారు. ఏ ఒడ్డుకీ కొట్టుకురాలేదు.

దాలమ్మ గురమ్మ గుమ్మం ముందు నిలబడింది. గురమ్మ లోపలికి రమ్మనలేదు.

"మీ తండ్రి నీ కూతుర్ని తెచ్చీసేడు. నా మొగుణ్ణేల తేలేదే? ఆడు నీకేటి అన్నేయం సేసేడు? ఓ నవ్వు నవ్వేడు. నవ్వుకే సంపీసేడా?"

 దాలమ్మ గుమ్మం బయట మట్టిలోనే కూలబడింది. చీకటి పడేవరకూ అక్కడే ఉంది. మర్నాడు గంజి కాచి తెచ్చి గుమ్మంలో పెట్టి మళ్ళీ అక్కడే కూర్చుంది. గురమ్మ ఆ గంజి ముట్టలేదు, ఆమెని పొమ్మనీ అనలేదు. అలా నాలుగు రోజులు గడిచాక ఒక పూట గిన్నె ఖాళీగా కనిపించింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక దాలమ్మ పాస్టరు దగ్గరికి వెళ్ళింది. ఆశీర్వాదం గారికి ఇప్పుడు చూపు మందగించింది, కర్ర లేకుండా నడవలేడు.

"అయ్యగారూ, ఆయన కొట్టడానికే వస్తాడనుకున్నాను ఇన్నాళ్ళూ. మొన్న నన్ను తోసేడు. తొయ్యకపోతే రాణి లేదు."

పాస్టరు ముఖం వెలిగింది. "హెచ్చరించడానికే వస్తున్నాడమ్మా కరుణమ్మా! అది ప్రేమ."

"మరి ఎర్రన్న?"

"వినలేదు కదమ్మా."

"ఏలియా ఏటి ఇనలేదండి? సిన్న గుంటడు. ఆడికి దారం కట్టిందీ ఆడు కాదు, ఊరుకున్నదీ ఆడు కాదు."

పాస్టరు కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. దాలమ్మ తన అరచేయి చూపించింది. రాణి కొరికిన గాటు ఇంకా మానలేదు.

"దాని జుట్టు నా సేతిలోకి ఊడొచ్చీసింది. అప్పుడు నేను దానికి రాచ్చసిలాగే కనబడుంటాను. గట్టెక్కినాక గానీ దానికి తెలీలేదు. ఏలియాని ఆయన ఏ గట్టుకి లాగేడో నాకు కనబడలేదండి. అదే నా బాధ. లాగేడో, ఇసిరేసేడో తెలీదు."

పాస్టరు ఆ గాటుని వేలితో తడిమి అన్నాడు. "కాఠిన్యం లేదని నేను చెప్పలేనమ్మా. ఉంది. సముద్రం ఒడ్డున ఉండి లేదంటే అబద్ధం. కానీ దారం కోసం పిల్లాణ్ణి తీసుకున్నాడన్నది బైబిలు వాక్యంలో లేదు, నా నోట్లోంచి వచ్చింది. ఆయన కాఠిన్యం ముందు ఎవరి మీద పడిందో చూడు. మన మీద పడాల్సింది సిలువ మీద ఆయన సొంత కొడుకు మీద పడింది. ఇష్టంతోనే మోశాడు. ఆ తండ్రికీ ఒక కొడుకు సమాధి ఉంది."

"ఆ కొడుకు మూడోనాడు లేచీసేడు, అది ఖాళీ సమాధి గదండి" అంది దాలమ్మ. "నా గుంటడిది కాదు."

"ఇంకా కాదు" అన్నాడు పాస్టరు, తనలో తను అనుకున్నట్టు.

ఏలియా పెట్టెని మళ్ళీ పూడ్చడానికి నారాయణమూర్తి మెరక మీద తన జీడి తోట అంచున జాగా చూపించాడు. మతం సంగతి ఎవరో ఎత్తబోతే, "మా ఆవిడ బతికుందంటే ఆ యమ్మ అరుపు వల్ల. మరేటీ మాటాడకండి" అన్నాడు. కూర్మయ్య కుంటుకుంటూ వెళ్ళి పెట్టె ఒక కొస పట్టుకున్నాడు. దాలమ్మ రెండో కొస పట్టుకుంది. ఎత్తగానే ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏటే, ఇంత తేలిగ్గా ఉన్నాది?" అన్నాడు కూర్మయ్య. "ఏటీ లేనట్టున్నాది. తీసి సూద్దునా?"

"వొద్దు" అంది దాలమ్మ.  "తియ్యకు. అలాగే ఉండనీ."

గోతిలో పెట్టె దించి పాస్టరు ప్రార్థన మొదలుపెట్టబోతుండగా గురమ్మ వచ్చింది. చేతిలో ఎర్రన్న చొక్కా, మడతపెట్టి ఉంది. మడతలో అమ్మవారి కుంకుమ పొట్లం కనిపిస్తోంది.

"నా మొగుడికి గొయ్యి లేదే దాలీ" అంది. "ఇందల ఎయ్యనా?"

అందరూ పాస్టరు వైపు చూశారు. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు. జీడాకుల చప్పుడు ఆగిపోయింది. దాలమ్మ వెనక ఎండుటాకుల మీద అడుగు పడింది. మెడ మీద ఊపిరి. కుంకుమ పొట్లం ఆమె కళ్ళ ముందుంది. పసుపు దారం గుర్తొచ్చింది. రాణి అవతల నిలబడి ఉంది. దాలమ్మ కూతురి వైపు చూసి, పెట్టె వైపు చూసి, గురమ్మతో అంది.

"ఎయ్యవే. ఇద్దరూ ఒక్క దగ్గరుంటారు."

గురమ్మ చొక్కా గోతిలో వేసి పిడికెడు మట్టి పోసింది. దాలమ్మ దెబ్బ కోసం ఎదురుచూసింది. మెడ వంచి, కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఊపిరి అలాగే ఉంది. దగ్గరగా, బరువుగా, ఏడ్చి ఏడ్చి అలిసిన మనిషి ఊపిరిలా ఆగి ఆగి వస్తోంది. ఆయన ఊపిరిలో ఆ వెక్కు ఎప్పటినుంచి ఉందో ఆమెకి తెలియదు. ఇన్నేళ్ళూ భయంలో వినలేదేమో.

గొయ్యి పూడ్చడం అయ్యేవరకూ ఆయన కదల్లేదు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తిరగాలనే అనుకుంది గానీ ధైర్యం చాలలేదు. గురమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "రాయే, మా ఇంటికి. పొయ్యి మీద అన్నముంది" అంది.

ఆ పూట దాలమ్మ గురమ్మ ఇంట్లో తింది.