వెర్రిబీ పెరట్లో కుందేలు ఉచ్చు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడుతున్న రోజుల్లో మేం దేశం కాని దేశం వచ్చి, వెర్రిబీ అనే ఊళ్లో ఒక ఇంట్లో అద్దెకు దిగాం. మా ఆయనకు ఆఫీసులో ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని. నాకింకా ఉద్యోగం దొరకలేదు. ఊరుకోలేక పెరట్లో మెంతులు చల్లాను. ఇంటి వెనక ఖాళీ పొలం. అక్కడి కుందేళ్లు మొలకలు పైకి రాగానే వచ్చి, కత్తెర వేసినట్టు నున్నగా తినేసి పోయేవి.

హైదరాబాదు నుంచి వచ్చి బట్టల వ్యాపారం చేసుకుంటున్న మా ఆయన స్నేహితుడు శనివారాలు మా ఇంట్లోనే భోంచేసేవాడు. పప్పులో మెంతికూర ఎందుకు లేదో చెబితే నవ్వాడు.

"గింతదానికి పరేషానా భాభీ? మా తాత నల్గొండల కుందేళ్లకు ఉచ్చులు పెట్టేటోడు. చిన్నప్పుడు నేను చూసిన. సైకిల్ బ్రేక్ వైరు ఒక్కటుంటే చాలు."

భోజనం కాగానే ఇద్దరూ పెరట్లో చేరారు. కంచె పక్కన ఇనుప మేకు దిగ్గొట్టి, దానికి వైరు కట్టి, చివర ముడి జారేలా ఉచ్చు వేశారు. మా ఆయన ఏదీ పరీక్షించకుండా వదిలే మనిషి కాదు. "టెస్ట్ చెయ్యకుండా ఎలా లైవ్‌లో పెడతాం?" అని మోకాళ్ల మీద వంగి, కుందేలు వచ్చే దారిలోనే వచ్చి, ఉచ్చులో చెయ్యి పెట్టారు. అది చక్కగా బిగిసింది. వెనక్కి లాగితే ఇంకా బిగిసింది.

"ఇప్పుడు విప్పు," అన్నారు.

"విప్పుడు నేను చూడలే భాయ్," అన్నాడు స్నేహితుడు. "తాత గప్పటికి నన్ను ఇంటికి పంపించేటోడు."

అంతలో ఇంట్లో ఫోను మోగింది. చేసింది మా ఆయన మేనేజరు. ఆయన ఎక్కడని అడిగాడు. ఉన్నమాటే ఇంగ్లీషులో చెప్పాను, "హీ ఈజ్ టైడప్ ఇన్ ది బ్యాక్‌యార్డ్" అని. తీరిక లేని పనిలో ఉన్నారనుకున్నాడు పాపం. శనివారం ఇబ్బంది పెట్టినందుకు క్షమించమని, వీలు చూసుకుని ఫోన్ చెయ్యమని చెప్పి పెట్టేశాడు.

నేను పక్కింటి ఆంటీ కోసం పరుగెత్తాను. ఆమె లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. కటింగ్ ప్లేయర్ పట్టుకొచ్చి, నేల మీద చతికిలబడ్డ మా ఆయన్ని, పక్కన వైరుతో కుస్తీ పడుతున్న స్నేహితుణ్ణి చూసి, ఏమీ అడక్కుండా వైరు కత్తిరించింది. తర్వాత అంది, "లాగినకొద్దీ బిగుస్తుంది. అందుకే ఇక్కడ దీన్ని ఒప్పుకోరు. మా పిల్లి కూడా ఇటే తిరుగుతుంది."

ఆ మాట నిజమేనా అని సోమవారం కౌన్సిల్‌కు, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, ఫోన్ చేశాను. ఎత్తినావిడ ఓపిగ్గా చెప్పింది.

"కుందేళ్లను అదుపు చెయ్యడం స్థలం ఉన్నవాళ్ల బాధ్యత."

"అయితే ఉచ్చు పెట్టొచ్చా?"

"అనుమతి లేకుండా పెడితే నేరం."

"పోనీ పట్టుకుని పెంచుకుంటే?"

"అడవి కుందేలునా? వద్దు. కొనుక్కున్నదైతే పెంచుకోవచ్చు."

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చాక ఇదంతా చెబితే, మణికట్టు రుద్దుకుంటూ, "వీళ్ల రూల్స్ రాసినవాణ్ణి మా ప్రాజెక్టులోకి తీసుకోవాలి," అన్నారు.

ఆంటీ సలహా ప్రకారం మళ్లీ శనివారం కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప జాలీ తెచ్చాం. కుందేళ్లు కింద నుంచి తవ్వకుండా అడుగు అంచును మట్టిలో పూడ్చి, బయటివైపు వంచాలట. మధ్యాహ్నమంతా ముగ్గురం తవ్వాం. స్నేహితుడు తాత ఊసెత్తలేదు. సాయంత్రానికి మడి చుట్టూ జాలీ నిలబడింది. ఆంటీ కూడా వచ్చి, పని బాగుందంది.

టీ తాగుతూ చూద్దుము కదా, జాలీ లోపల కుందేలు. మడి అంచునున్న గడ్డి దుబ్బులో పడుకుని ఉంది కాబోలు, దాన్ని లోపలే పెట్టి కంచె కట్టేశాం. బయటి నుంచి ఇంకే కుందేలూ రాకుండా మేం కాపలా ఏర్పాటు చేశామన్నట్టు, అది తీరిగ్గా మెంతి మొలకలు తింటోంది.

జాలీ ఒక మూల విప్పి, దుప్పటి నాలుగు చెంగులూ నలుగురం పట్టుకుని దాన్ని తరిమాం. అది విప్పిన మూల తప్ప అన్ని మూలలకూ వెళ్లింది. చివరికి స్నేహితుడి కాళ్ల మధ్య నుంచి దూరి బయటపడింది. అతను మట్టిలో కూర్చుండిపోయాడు. ఆంటీ దుప్పటి వదిలేసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్లి టీ మళ్లీ వేడి చేశాను.