జనరల్ జీవితంలో నేను కలిపిన పేజీ

జనరల్ జీవితచరిత్ర రాసింది నేనే. ఎన్నికల కోసం వేసిన చిన్న పుస్తకం. అట్ట మీద యూనిఫాంలో ఆయన ఫొటో ఉంది. రాసినవాడి పేరు ఎక్కడా లేదు. పేరు లేకపోవడం తర్వాత నాకు ఎంత పనికొచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

ఆయనా నేనూ కోరుట్లలో ఐదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ల నాన్న కల్లు కోసం తాళ్లు గీసేవాడు. ఆయన సైనిక పాఠశాలకు ఎంపికై వెళ్లిపోయాడు, నేను ఇక్కడే చదువుకుని తెలుగు పంతులునయ్యాను. మేజరయ్యాడని, కర్నలయ్యాడని, చివరికి జనరలయ్యాడని విని బడిలో పిల్లలకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రిటైరై వచ్చి ఎన్నికల్లో నిలబడతాననేసరికి ఊళ్లో చాలామంది ఆశ్చర్యపోయారు. ఆయనకు ఉపన్యాసం రాదు. ఎవరైనా కాళ్లు మొక్కబోతే రెండడుగులు వెనక్కి వేసేవాడు.

"నువ్వు తెలుగు సారువు. నా గురించి నాలుగు ముక్కలు రాయి, ఇంటింటికి పంచుదాం" అని నన్నడిగాడు.

జగిత్యాలలో పార్టీ ఆఫీసు పైగదిలో వారం రోజులు ఆయన చెబుతుంటే రాసుకున్నాను. అన్నీ పోస్టింగులు, బదిలీలు, బంకరులో తాగే నీళ్లు గడ్డకట్టడాలు. ఒక్క సంగతి మాత్రం నా మనసుకు పట్టింది. ఆయన మేజర్‌గా ఉన్న రోజుల్లో మంచుకొండ మీద ఒక జవాను కాలికి తూటా తగిలింది. సిరిసిల్ల వైపు సిపాయి ఒకడు అతన్ని భుజాన వేసుకుని, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి కొండ దిగాడు.

"అప్పుడు నువ్వెక్కడున్నవ్?" అనడిగాను.

"కింద, వైర్‌లెస్ దగ్గర. హెలికాప్టర్ పంపుమని అడుగుతున్న."

ఇంటికొచ్చి రాసేటప్పుడు ఆ సిపాయిని తీసేశాను. జవానును మేజరే మోసుకొచ్చినట్టు రాశాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. వైర్‌లెస్ దగ్గర కూర్చున్నవాడికి ఎవరు ఓటేస్తారనిపించింది, అంతే. పైగా ఆ పేజీ రాస్తున్నంతసేపూ సంతోషంగా ఉంది. మంచు, ఊపిరి, భుజం మీద బరువు, అన్నీ చకచకా వచ్చేశాయి.

ప్రూఫు పంపి "చదివినవా?" అంటే, "చూసిన, మంచిగుంది" అన్నాడు. పొద్దస్తమానం ప్రచారంలో తిరిగే మనిషి. ఆ పేజీ దాకా రాలేదని నాకు అర్థమైంది. అర్థమయ్యే ఊరుకున్నాను.

పుస్తకాలు పంచిన కొన్నాళ్లకు ఒక ఉదయం ఆయన ఇంటికి వెళితే వరండాలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి నుంచి బస్సులో వచ్చాడు. సైన్యం నుంచి వచ్చాక సాంచాలు నడుపుతున్నాడట. ఆ మరమగ్గాల మోతకు చెవులు మందగించి కాస్త గట్టిగా మాట్లాడుతున్నాడు. జనరల్ బయటికి రాగానే లేచి సెల్యూట్ చేశాడు. జనరల్ గుర్తుపట్టి దగ్గరికి తీసుకున్నాడు.

"సాబ్, నా బిడ్డ గీ కోరుట్లనే ఉంటది. గీ పుస్తకం ఫోన్ల సదివి వినిపిచ్చింది" అంటూ, కూతురింటి నుంచి తెచ్చిన ఆ పుస్తకాన్ని సంచిలోంచి తీశాడు. "నువ్వు మోసినవంటివి గద బాపూ, గిండ్ల సారు మోసిండని ఉన్నది, గిన్నేండ్లు మాకు అబద్ధం చెప్పినవా అని అడుగుతున్నది. దానికేం చెప్పాలె సాబ్?"

అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

జనరల్ నిలబడే ఆ పేజీ చదివాడు. తర్వాత నావైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"నీ బిడ్డకు నేనే చెప్త, పా" అని అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. నన్ను రమ్మనలేదు.

ఆ సాయంత్రం మెట్‌పల్లిలో సభ. సిపాయిని వేదిక మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మైకు అందుకుని, "నా పుస్తకంల ఒక అబద్ధం ఉంది. గా జవానును మోసింది ఈయన, నేను కాదు. చదవకుండ పంచిన. తప్పు నాది" అన్నాడు.

జనంలో ఎవరో నవ్వారు. నేను వేదిక వెనక కుర్చీలో ఉన్నాను. నాలుగు మెట్లెక్కి, రాసింది నేనని చెబితే సరిపోయేది. కానీ ముందు వరుసల్లో నా దగ్గర చదువుకున్నవాళ్లున్నారు. నేను లేవలేదు.

మరునాటి నుంచి ఎదుటిపక్షం వాళ్లు ఆటోలకు మైకులు కట్టి అబద్ధాల జనరల్ అంటూ తిరిగారు. ఆయన ఓడిపోయాడు. దానివల్లే ఓడాడని చెప్పలేను, కాదనీ చెప్పలేను.

ఫలితాలొచ్చాక వెళ్లి క్షమించమన్నాను.

"నువ్వు రాసినవ్, నేను చదవలే. ఇద్దరిదీ తప్పే" అన్నాడు. టీ తెప్పించి, "మెట్‌పల్లిల నువ్వు లేస్తవనుకున్న" అన్నాడు. టీ తాగి వచ్చాను.

తర్వాత తంగళ్ళపల్లి వెళ్లాను. సాంచాలు ఆపి బయటికొచ్చిన సిపాయితో, ఆ పేజీ రాసింది నేనని చెప్పాను.

"నాకెరుకే సారూ. గా దినమే సాబ్ చెప్పిండు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"సాబే వద్దన్నడు. మా దోస్తు బడిపంతులు, ఊళ్ల ఇజ్జత్ ఉన్న మనిషి, గాయన పేరు తియ్యకు అన్నడు."

అతను మంచినీళ్లు తెచ్చిచ్చి మళ్లీ లోపలికి వెళ్లాడు.

జనరల్ ఇప్పుడు జగిత్యాలలో సైన్యంలో చేరాలనుకునే వాళ్లకు శిక్షణ ఇస్తున్నాడు. పొద్దున్నే మైదానంలో వాళ్లతో పాటు పరుగెత్తుతాడు. ఎదురుపడితే తనే ముందు పలకరిస్తాడు. నేను వీలైనంత వరకు ఆ దారిన పోను.