అవ్వ గుగ్గిలం, నాయన దోనె

చిన్నప్పుడు ఒక వానాకాలం... మా నాయన దోనెను బోర్లించి, పగులులో చింతగింజల జిగురు కూరుతున్నాడు. పక్కన గొంతుక్కూర్చుని నా ప్రశ్నలు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, పడవల పగుళ్ళకు పూసే తారు దొరికేది కాదు.

దోనె అంటే తాటిమొద్దు తొలిచి చేసిన చిన్న పడవ. వడమాలపేట దగ్గర మా ఊరి చెరువు ఎప్పుడో గానీ నిండదు, అందుకే దోనె కొట్టంలోనే పడుండి, ఎండి పగిలింది. ఆ ఏడు చెరువు నిండి, వంక పొంగి, దారి మునిగింది... అవతలి ఊళ్ళో పుట్టింటికి పోయిన అమ్మ అక్కడే చిక్కుకుపోయింది. ఐదు రోజులు. నాకు అన్నం సయించలేదు.

జిగురు ఎండి రాయిలా బిగిసింది. నాయన సంబరంగా దోనెను నీళ్ళలోకి తోశాడు. కాసేపటికే లోపల చీలమండ లోతు నీళ్ళు.

"ఎండలో గట్టిగానే ఉన్నింది గదా నాయనా, నీళ్ళలో ఎందుకు కరిగింది?"

"నాకేం తెలుసు మే. మీ అమ్మ వచ్చినాక అడుగు," అని విసుక్కున్నాడు.

నేను ఊరుకునే రకమా... ఇంట్లో దొరికిన జిగుర్లన్నీ చెంబు నీళ్ళలో వేసి చూస్తూ కూర్చున్నాను. చింతగింజలది కరిగింది, తుమ్మజిగురూ కరిగింది. దేవుడి గూట్లోంచి తీసిన గుగ్గిలం ముక్క మాత్రం పొద్దుగూకినా వేసింది వేసినట్టే ఉంది.

గుగ్గిలం కొండమీది జాలారి చెట్టు బంక. శనివారాలు దేవుడికి పొగ వేయడానికి మా అవ్వ, అంటే నాయన తల్లి, మూటగట్టి దాచుకునేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. చెంబు చూసిన నాయనకే, దాన్ని అడగడానికి ధైర్యం చాల్లేదు. నేనే చెంబు ఎత్తుకెళ్ళి అడిగాను.

అవ్వ చెంబులోకి తొంగి చూసింది. "దేవుని సొమ్ము దోనెకు పూస్తారా యాడన్నా," అంది. లేచి వెళ్ళి, మూట మొత్తం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఐదు దినాలుగా పొగేసి ఆయప్పను అడిగేది మీ అమ్మ రావాలనే గదా. ఎత్తుకోని పో."

నాయన గుగ్గిలం దంచి, ఆముదంలో కరగబెట్టి, పాతగుడ్డ పీలికలు ముంచి, ఆరిన పగుల్లో వేడివేడిగా కూరాడు. మర్నాడు నాయన దోనెలో అవతలి ఊరికి పోయి అమ్మను తెచ్చాడు, చుక్క నీరు లోపలికి రాలేదు. అమ్మ దోనె దిగుతూనే, "ఏందిది, దోనంతా దేవునింటి వాసన," అంది. నేను ఆమె చీర కుచ్చిళ్ళు వదల్లేదు. ఆ శనివారం అవ్వ దేవుడి ముందు ఉత్త నిప్పులే పెట్టి దండం పెట్టుకుంది.

ఇప్పుడు ట్యూబు నొక్కితే చాలు, ఏదైనా అతుక్కుంటుంది... చెంబు ముందు కూర్చునే పనే లేదు. ఎనభై దాటి ఎన్నేళ్ళయినా, గుగ్గిలం పొగ తగిలితే నాకు దేవుడి కంటే ముందు అమ్మే కనబడుతుంది. మీకు ఏ వాసనకు ఎవరు గుర్తొస్తారో చెప్పండి... వింటాను.